కాలిలో ముల్లు, గజ్జల్లో బిళ్ళ
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిన మందుల్లో రెండింటిని ప్రాక్టీసు మొదలుపెట్టిన నాటి నుంచీ రాస్తూనే ఉన్నాను. ఒకటి బోదకాలుకిచ్చే డైఇథైల్ కార్బమజీన్. డీఈసీ మాత్ర అంటే మన ఊళ్ళలో అందరికీ తెలుస్తుంది. రెండోది మెథోట్రెక్సేట్. పిల్లలకొచ్చే రక్తకేన్సర్‌కీ, పెద్దవాళ్ళ కీళ్ళవాతానికీ వాడతాం. ఒకటి పురుగుల జబ్బుకి, ఇంకొకటి కేన్సర్‌కి. పైకి చూస్తే ఈ రెంటికీ చుట్టరికమేమీ కనిపించదు. అయినా రెండూ వెళ్ళి తట్టేది ఒకే ఇంటి తలుపు. ఆ ఇల్లే లింఫ్ వ్యవస్థ. పాఠ్యపుస్తకాల్లో శోషరస వ్యవస్థ అని రాస్తారు. ఇవాళ మిమ్మల్ని ఆ ఇంట్లోకి తీసుకెళ్ళాలని నా కోరిక.

ఈ ఇంటి గురించి ఏ పుస్తకమూ చదవనివాళ్ళకి కూడా ఒక సంగతి తెలుసు. చేలో నడుస్తుంటే బొటనవేలి పక్కన ముల్లు దిగుతుంది. ముల్లు తీసేసి పనిలో పడతాం. రెండు రోజులు పోయాక గజ్జల్లో నొప్పి, తడిమి చూస్తే రేగిపండంత బిళ్ళ. "కాలి పుండుకి బిళ్ళ కట్టిందిలే, అదే పోతుంది" అని మా అమ్మమ్మ చూడకుండానే చెప్పేది. చేతికి దెబ్బ తగిలితే చంకలో, పన్ను పుచ్చితే దవడ కింద. దెబ్బ ఒకచోట, వాపు మరోచోట. ఆ రెంటి మధ్యా దారి ఒకటుందని ఆవిడకి తెలుసు. ఆ దారినే నడుద్దాం.

గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం సన్నని కేశనాళికల దాకా వెళుతుంది. అక్కడ గోడల్లోంచి కొంత నీరు కణాల మధ్యకి ఊరుతుంది. ఊరినదాంట్లో చాలా భాగం తిరిగి రక్తంలోకే చేరుతుంది. రోజుకి సుమారు మూడు లీటర్లు మాత్రం మిగిలిపోతుంది. దాన్ని ఏరుకునేవి లింఫ్ నాళాలు. ఈ దారికి గుండె లేదు. నాళాల గోడలే కొద్దికొద్దిగా ముడుచుకుంటూ ముందుకి నెడతాయి. లోపల జానెడు దూరంలోనే ఎన్నో కవాటాలు, వెళ్ళింది వెనక్కి రాకుండా. మనం నడిచినప్పుడు పిక్క కండరాలు పిండి సాయం చేస్తాయి. అలా పాదం దగ్గర బయలుదేరిన నీరు గజ్జలు దాటి, పొట్ట వెనకగా ఎక్కి, రొమ్ములోంచి పైకి పాకి, ఎడమ కాలర్ ఎముక వెనక పెద్ద సిరలో కలుస్తుంది. ఆ ఆఖరి పెద్ద కాలువ పేరు థొరాసిక్ డక్ట్.

మెడిసిన్ మొదటి ఏడాది డిసెక్షన్ హాల్లో దాన్ని మా బల్ల మీద మేమే తెంపేశాం. నరమో కొవ్వు తెరో అనుకున్నాం. మా అనాటమీ మేష్టారు పక్క బల్ల దగ్గరికి పిలిచారు. బృహద్ధమని పక్కన ఫోర్సెప్స్ మొనతో ఒక తడి దారాన్ని మెల్లగా పైకెత్తారు. గోధుమ గడ్డిపోచంత లావు, అక్కడక్కడా పూసల్లా చిన్న ఉబ్బులు, రంగంటూ చెప్పడానికేమీ లేదు. "రెండు కాళ్ళు, పొట్ట, ఎడమ చెయ్యి, సగం తల, అన్నిటి నీరూ ఇందులోంచే పోవాలి" అన్నారు. మేం నలుగురం మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాం. ఇన్నేళ్ళయినా ఆ దారం నా కళ్ళ ముందే ఉంది.

ఈ నాళాలు కళ్ళబడటమే ఆలస్యంగా జరిగింది. 1622లో ఇటలీలో గాస్పారో అసెల్లి అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట కోసినప్పుడు పేగుల చుట్టూ తెల్లటి తీగలు కనిపించాయి. కోస్తే పాలలాంటి ద్రవం కారింది. మనం తిన్న నెయ్యి, నూనె పేగుల్లోంచి ముందుగా రక్తంలోకి పోవు, ఈ దారినే పోతాయి. మన కోస్తా జిల్లాల డాక్టర్లకి ఈ పాల సంగతి ఇంకో రకంగా తెలుసు. బోదకాలు పురుగు లోపలి నాళాల్ని చెడగొడితే అవి ఉబ్బి మూత్రమార్గంలోకి పగులుతాయి. మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. రోగులు దాన్ని సీసాలో పట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం చెప్తామోనని మన మొహంలోకి చూస్తారు.

నీటి సంగతి ఇది. ఆ నీటిలో తేలుతూ పోయేవాళ్ళ సంగతి అసలు కథ.

లింఫ్‌లో ఉండేవి ఎక్కువగా లింఫోసైట్లనే చిన్న తెల్లకణాలు. మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి నల్లటి కేంద్రకం, చుట్టూ పల్చటి అంచు, అంతే. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా ఇవి ఎందుకున్నాయో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. రోజూ లెక్కలేనన్ని థొరాసిక్ డక్ట్ ద్వారా రక్తంలోకి వచ్చి పడతాయి. అయినా రక్తంలో వాటి సంఖ్య పెరగదు. మరి ఎక్కడికి పోతున్నాయి? 1950ల చివర ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకల థొరాసిక్ డక్ట్‌లో సన్నని గొట్టం పెట్టి లింఫ్‌ని బయటికి కార్చాడు. రోజులు గడిచేకొద్దీ వచ్చే కణాలు తగ్గిపోయాయి. తీసిన కణాల్నే మళ్ళీ రక్తంలోకి ఎక్కిస్తే డక్ట్‌లో సంఖ్య నిలబడింది. కణాలకి రేడియోధార్మిక గుర్తు పెట్టి చూస్తే, రక్తంలోంచి లింఫ్ గ్రంథుల్లోకి దిగి, అక్కడి నుంచి లింఫ్‌లోకి, మళ్ళీ రక్తంలోకి తిరుగుతున్నాయి. అవి ఎక్కడా చావడం లేదు. గస్తీ తిరుగుతున్నాయి.

నా దృష్టిలో రోగనిరోధక శాస్త్రంలో ఇంత సాదా ప్రయోగం, ఇంత పెద్ద ఫలితం మరొకటి లేదు. ఒక గొట్టం, ఒక ఎలుక, ఓపిక.

ఇప్పుడు గజ్జల్లో బిళ్ళ దగ్గరికి వద్దాం. మన ఒంట్లో లింఫ్ గ్రంథులు ఐదారు వందలుంటాయి. చిక్కుడు గింజ ఆకారం. ముల్లుతో పాటు లోపలికి పోయిన సూక్ష్మజీవుల్ని అక్కడికక్కడే మింగడానికి కొన్ని కణాలు చర్మంలో ముందే కాచుక్కూర్చుంటాయి. కణాలు ఇలా మింగుతాయని 1882లో మెచ్నికోవ్ మెస్సీనా తీరంలో నక్షత్రచేప పిల్లకి ముల్లు గుచ్చి చూపించాడు. ముల్లుతో మొదలైన శాస్త్రమిది. చర్మంలో ఇంకో జాతి కణాలున్నాయి. ఒంటి నిండా కొమ్మలు చాచుకుని ఉంటాయి కనక డెండ్రైటిక్ కణాలన్నారు. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ వీటిని గుర్తించాడు. ఇవి శత్రువు ముక్కని పట్టుకుని లింఫ్ నాళంలో దూరి, కాలి నుంచి గజ్జల దాకా ప్రయాణం చేస్తాయి. అందుకే బిళ్ళ కట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ ఆలస్యం ప్రయాణపు ఆలస్యం.

గ్రంథిలోకి అటువైపు నుంచి రక్తం ద్వారా లింఫోసైట్లు దిగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్క రకం శత్రువు ముక్కనే గుర్తుపట్టగలదు. ఫలానా ముక్కని గుర్తుపట్టేవి లక్షకి ఒకటో, పది లక్షలకి ఒకటో. మన ఒంట్లో మొత్తం లింఫోసైట్లు లక్ష కోట్ల దాకా ఉంటాయి. రక్తంలో ఉండేవి వాటిలో నూటికి రెండో మూడో. మిగతావన్నీ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో. ఆ ఒకే ఒక్క సరైన కణం మన కాలి ముల్లు దగ్గరికి యాదృచ్ఛికంగా పోవాలంటే ఎన్నేళ్ళు పట్టాలి? అందుకని ముల్లు కబురునే గ్రంథికి తెస్తారు, కణాలు వరసగా వచ్చి చూసిపోతాయి. తనది కాకపోతే ఒక రోజులోపు బయటికి వెళ్ళి ఇంకో గ్రంథిలో చూస్తుంది. తనదైతే ఆగుతుంది. ఆగిన కణం రెండవుతుంది, నాలుగవుతుంది, వారంలో వేలవుతుంది. అమ్మమ్మ వేలికి తగిలిన బిళ్ళలో జరుగుతున్నది అదే. లోపల బీ కణాలనే లింఫోసైట్లు యాంటీబాడీల్ని తయారుచేస్తూ, ఇంకా బాగా అతుక్కునే వాటిని ఏరుతూ, పనికిరానివాటిని చావనిస్తూ ఉంటాయి. పని అయిపోయాక చాలా కణాలు చనిపోతాయి, బిళ్ళ కరుగుతుంది. కొన్ని మాత్రం ఏళ్ళ తరబడి ఆ శత్రువు గుర్తుతో బతుకుతాయి. టీకా పనిచేసేది ఆ గుర్తు మీదే.

విద్యార్థులకి ఒక మాట. నొప్పిగా, మెత్తగా ఉన్న బిళ్ళ చాలాసార్లు పని చేస్తున్న బిళ్ళ. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, వారాల తరబడి తగ్గనిది, పెరుగుతున్నది అయితే వదలకండి. మన దేశంలో ముందు క్షయని, తరవాత లింఫోమాని గుర్తుచేసుకోవాలి.

ప్లీహం కూడా ఇలాంటిదే, కాకపోతే అది లింఫ్‌ని కాదు, రక్తాన్ని వడగడుతుంది. మలేరియా కాలంలో మన పల్లెల్లో "కడుపులో బల్ల పెరిగింది" అనేవారే, ఆ బల్ల ఇదే. ప్లీహం తీసేసినవాళ్ళకి నిమోకోకస్ టీకా వేయించడం మరవకూడదు. చిన్నపేగు చివర గోడలో పేయర్ మచ్చలనే లింఫోసైట్ల గుంపులుంటాయి. టైఫాయిడ్‌లో మూడో వారం పేగుకి చిల్లు పడేది సాధారణంగా అక్కడే.

థైమస్ దగ్గర మాత్రం ఆగాలి. రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన ఉంటుంది. పిల్లల్లో పెద్దది, యౌవనం దాటాక కొవ్వుగా మారుతూ వస్తుంది. ఒకప్పుడు పసిపిల్లల ఎక్స్‌రేలో ఇది పెద్దగా కనిపిస్తే జబ్బనుకుని, అమెరికాలో రేడియేషన్ ఇచ్చేవారు. మంచి ఆరోగ్యంతో ఉన్న పిల్లలకి. వాళ్ళలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ కేన్సర్లు వచ్చాయి. అవయవం పనేమిటో తెలియక ముందే దానికి వైద్యం చేస్తే ఇదే జరుగుతుంది. ఈ మాట మనసు కష్టపెట్టుకునే చెప్తున్నాను.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ ఎలుకల్లో రక్తకేన్సర్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన పిల్లల థైమస్ తీసేశాడు. అవి చిక్కిపోయాయి, వాటి లింఫోసైట్లు తగ్గిపోయాయి, పరాయి ఎలుక చర్మం అతికించినా తిప్పికొట్టలేకపోయాయి. అంతకు ఐదేళ్ళ ముందే, 1956లో, అమెరికాలో బ్రూస్ గ్లిక్ కోడిపిల్లల తోక దగ్గరుండే బర్సా అనే చిన్న సంచిని తీసేస్తే అవి యాంటీబాడీలు తయారుచెయ్యలేవని రాశాడు. పెద్ద సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. చివరికి కోళ్ళ పరిశోధనల పత్రికలో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా టీ కణం, బీ కణం అంటుంది. ఆ టీ థైమస్‌ది, ఆ బీ కోడి బర్సాది. మనకి బర్సా లేదు. మన బీ కణాలు ఎముక మూలుగలో తయారవుతాయి.

థైమస్‌లో ఏం జరుగుతుంది? అక్కడికి వచ్చిన పసి కణాలకి మన సొంత ఒంటి ముక్కల్నే చూపిస్తారు. వాటి మీదికి గట్టిగా ఎగబడే కణాన్ని అక్కడే చంపేస్తారు. అసలేమీ గుర్తుపట్టలేనిది కూడా చావాల్సిందే. నూటికి తొంభై అయిదుకి పైగా బయటికి రాకుండానే పోతాయి. అయినా తప్పించుకునేవి కొన్ని ఉంటాయి. వాటిని ఆపడానికి రెగ్యులేటరీ టీ కణాలని ఇంకో తెగ ఉంది. 2025 నోబెల్ వైద్య బహుమతి ఈ తెగ గురించి తేల్చిన షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకి ఇచ్చారు.

కరోనా వచ్చిన దగ్గర్నుంచి "ఇమ్యూనిటీ పెంచే" పొడులూ లేహ్యాలూ ఇంటింటికీ చేరాయి. ఏం పెంచాలంటారు? ఎగబడేవాటినా, ఆపేవాటినా? కీళ్ళవాతంలో, లూపస్‌లో, ఒకటో రకం మధుమేహంలో లింఫోసైట్లు బలహీనంగా లేవు. తన ఒంటి మీదే తిరగబడి ఉన్నాయి. ఈ వ్యవస్థ గొప్పతనం దూకుడులో కాకుండా అదుపులో ఉందని నా నమ్మకం. సుబ్బారావు గారి రెండు మందులూ నాకు నేర్పింది కూడా ఇదే.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో జీవరసాయనవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని తయారుచేశారు, కణాలకి శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని కనుగొన్నారు. 1940లో లెడర్లే అనే మందుల సంస్థకి వెళ్ళారు. 1945కి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచెయ్యగలిగింది. స్ప్రూకి కావలసిన మందుల్లో అదొకటి. అన్నదమ్ములకి అందనిది తరవాతివాళ్ళకి అందింది.

బోస్టన్‌లో పిల్లల జబ్బుల పెథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లింఫోసైట్ల కేన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలిస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు గమనించాడు. కణం రెండవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అయితే దానికి అడ్డుపడేది ఇస్తే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అదే. అచ్చు ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణాన్ని మోసగించి పని ఆపేస్తుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో పదహారు మంది పిల్లల్లో పది మందికి తగ్గుముఖం పట్టిందని ఉంది. కొన్నాళ్ళే తగ్గింది, నిజమే. అంతకు ముందు ఆ జబ్బుకి పనిచేసే మందంటూ లేదు. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, ఆగస్టు 8న, సుబ్బారావు గారు యాభై మూడేళ్ళకే పోయారు.

అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. కేన్సర్‌కి పెద్ద మోతాదులో ఇస్తే పిచ్చిగా పెరిగే కణాల్ని చంపుతుంది. కీళ్ళవాతానికి అందులో చిన్న మోతాదు, వారానికి ఒక్కసారి, తిరగబడినవాటిని చల్లబరుస్తుంది. వారానికి ఒక్కసారే. దీన్ని పొరపాటున రోజూ మింగి, నోరంతా పుళ్ళై, రక్తకణాలు పడిపోయి వచ్చినవాళ్ళని చూశాను. చీటీ మీద వారం పేరు తెలుగులో రాయండి. "సోమవారం మాత్రమే" అని రాయండి, చదివి వినిపించండి.

ఇక డీఈసీ. 1947లో లెడర్లే నుంచి వచ్చింది. బోదకాలు పురుగు, ఉచెరేరియా బాంక్రాఫ్టి, కాపురముండేది సరిగ్గా ఈ లింఫ్ నాళాల్లోనే. ఆడ పురుగు బెత్తెడు పొడుగు, దారమంత సన్నం. ఏళ్ళ తరబడి బతుకుతూ, లక్షల పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి పైకి వస్తాయి.

కొత్తగా డాక్టరైన రోజుల్లో గోదావరి డెల్టాలో ఒక ఊరికి రాత్రి రక్తపరీక్ష బృందంతో వెళ్ళాను. పది దాటింది. అరుగు మీద పడుకున్నవాళ్ళని లేపి వేలు గుచ్చి స్లైడు మీద చుక్క తీస్తున్నాం. ఒక కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాచాడు. "నాకేం జబ్బండి, రోజంతా బస్తాలు మోత్తాను" అన్నాడు. తడి చుక్కని అక్కడే మైక్రోస్కోపు కింద పెట్టాం. ఎర్రకణాలు పక్కకి ఒత్తిగిల్లుతున్నాయి, వాటి మధ్య వెంట్రుకలాంటిది మెలికలు తిరుగుతోంది. ఒకటి కాదు, నాలుగు. అతన్ని చూడనిచ్చాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఇవి నాయేనాండి?" అని మాత్రం అడిగాడు.

అన్ని పురుగులున్నా అతనికి జ్వరం ఎందుకు లేదు? ఇప్పుడు తెలిసింది. ఆ పురుగు ఇందాక చెప్పిన రెగ్యులేటరీ కణాల్ని రెచ్చగొట్టి, మన ఒంటి చేతులు కట్టేస్తుంది. పైకి సుఖం, లోపల నాళం పాడైపోతూ ఉంటుంది. కవాటాలు చెడి, నీరు వెనక్కి నిలిచి, కాలు బరువెక్కుతుంది.

డీఈసీ విశేషం చూడండి. ఈ పురుగు పిల్లల్ని గాజు గొట్టంలో పెట్టి మందు పోస్తే పెద్దగా ఏమీ కాదు. ఒంట్లో అయితే గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. మందు వాటిని మన కణాలకి పట్టిస్తుంది. చంపేది మన కణాలే. అందుకే మాత్రలు మింగిన రాత్రి కొందరికి జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పురుగులు ఎక్కువున్నవాళ్ళకే ఎక్కువ వస్తాయి. మన ఊళ్ళలో ఈ జ్వరం చూసి మందు విషమన్నారు, మాత్రలు కాలవలో పారేశారు. ఆ జ్వరం పురుగులు చస్తున్న జ్వరమని గడప గడపకీ చెప్పాల్సిన పని మనది. మేం సరిగ్గా చెప్పలేదు.

వాచిపోయిన కాలు మాత్రలతో పూర్వంలా కాదు. దానికి సబ్బు, నీళ్ళు. నా దగ్గరికొచ్చే ఒక పెద్దావిడ రోజూ సాయంత్రం పీట మీద కూర్చుని, కాలు బకెట్లో పెట్టి, వేళ్ళ సందులన్నీ గుడ్డతో తుడుచుకుని, పగుళ్ళకి మందు రాసి, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకుంటుంది. ఏడాదికి ఐదారుసార్లు వచ్చే చలిజ్వరం ఆమెకి ఇప్పుడు రావడం లేదు. పగుళ్ళలోంచి దూరే సూక్ష్మజీవులే ఆ జ్వరాలకి, కాలు ఇంకా లావెక్కడానికి కారణం. లింఫ్ కదలని కాలిలో కబురు మోసే దారి తెగిపోయి ఉంటుంది. ఆ కాలికి కాపలా పని చేత్తో కడిగే సబ్బే చెయ్యాలి.

మన దేశం 2027 కల్లా బోదకాలుని పోగొట్టాలని గురి పెట్టుకుంది. మీ ఊళ్ళో మాత్రలు పంచే రోజు కార్యకర్త గడపలోకి వస్తే, జేబులో వేసుకోకండి. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్ళు తప్ప ఇంట్లో అందరూ అన్నం తిన్నాక ఆమె ఎదుటే మింగండి. రాత్రి జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోండి. ఆ మాత్ర భీమవరం పిల్లాడి ప్రయోగశాల నుంచి మన గడపకి వచ్చిందని మీ పిల్లలకి చెప్పండి.